గర్భస్థ శిశు పరీక్ష: శరణ ధర్మ దృష్టితో నొక విచారణ

మాతృత్వము స్త్రీకి వరమని లోకము చెప్పుచుండును. ఆ వరము ఏ వయస్సున వచ్చినను ఒకే విధముగ స్వీకరింపబడునా యను ప్రశ్నను మాత్రము లోకము అడుగదు. 20వ యేట గర్భము ధరించిన కోడలికి గాజుల పేరంటము, సీమంతపు పాటలు, పుట్టింటివారి రాకపోకలు కలుగును. 40వ యేట గర్భము ధరించిన ఇల్లాలికి మొదట కలుగునది సిగ్గు, పిదప భయము. సంతోషమునకు మూడవ స్థానమే మిగులును.

జహీరాబాదు ప్రాంతమున నొక శరణ కుటుంబమును తలంపునకు తెచ్చికొనవచ్చును. ఇల్లాలి వయస్సు 41. పెద్దకుమార్తె కళాశాలలో చదువుచున్నది. కుమారుడు పదవ తరగతిలో నున్నాడు. నెల తప్పినపుడు ఆమె ముట్లుడుగు కాలము సమీపించినదని తలంచి యూరకుండెను. పదవ వారమున గర్భమని తేలెను. వైద్యురాలు పరీక్షించి, "అమ్మా, మీ వయస్సును బట్టి శిశువునకు డౌన్స్ సిండ్రోము ఉండునేమో తెలిసికొనుటకు పరీక్షలున్నవి. చేయించుకొందురా, వలదా? మీరిద్దరును ఆలోచించుకొని వచ్చువారము చెప్పుడు" అని యొక కాగితము చేతికిచ్చెను. ఇల్లు చేరిన పిదప అత్తగారు "శివుడిచ్చిన దానికి పరీక్షయేమిటే తల్లీ!" అనిరి. ఆడపడుచు "ఈ వయస్సున ఇదేమి వదినా, ముందే తీయించుకొనుట మేలు" అనెను. భర్త ఏమియు పలుకలేదు. ఆ కాగితము పూజగూటిలో విభూతి పెట్టె క్రింద వారము దినములు ఉండిపోయెను.

ఇట్టి ఇండ్లు నేడు అరుదు కావు. పూర్వకాలమున తల్లియు కూతురును ఒకే యేట పురుడు పోసికొనిన సంసారములు ప్రతి యూరనుండెను. నేడు ఆలస్య వివాహములు, చదువులు, ఉద్యోగములు, బహుకాలము సంతానము లేక చేయించుకొను చికిత్సలు—ఇవి కారణములుగా 35 ఏండ్లు దాటిన పిదప తల్లులగువారు కలరు. కాలము మారినను కడుపుతీపి మారలేదు. మారినది ఒక్కటే: బిడ్డ పుట్టకముందే బిడ్డను గూర్చి కొంత తెలిసికొను సాధనము చేతికి వచ్చినది. సాధనము వచ్చినచోట ధర్మసందేహము కూడ వచ్చును. ఆ సందేహము మూడు విధములు: తెలిసికొనుట తగునా? తెలిసిన పిదప ఏమి చేయవలెను? నిర్ణయించు అధికారమెవ్వరిది?

ధర్మమును విచారించుటకు ముందు వస్తువును విచారింపవలెను. వస్తుజ్ఞానము లేని ధర్మోపదేశము గురి తెలియని బాణము వంటిది.

మానవ దేహకణములందు సామాన్యముగ 46 క్రోమోజోములు 23 జతలుగా నుండును. 21వ జతలో రెండింటికి మారుగా మూడున్న స్థితియే డౌన్స్ సిండ్రోము. 1866లో ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్‌డన్ డౌన్ దీని లక్షణములను వర్ణించెను. కారణము మాత్రము 93 ఏండ్ల పిదప, 1959లో, ఫ్రాన్సు దేశమున జెరోమ్ లెజూన్, మార్త్ గోతియే ప్రభృతుల పరిశోధనచే వెల్లడియయ్యెను. ఆ పరిజ్ఞానము గర్భవిచ్ఛిత్తికి దారితీయుట చూచి లెజూన్ దానిని బహిరంగముగ వ్యతిరేకించెను. ఈ వివాదము నేటిది కాదని, దానిని కనుగొన్నవానినే అది వెన్నంటినదని దీనివలన తెలియుచున్నది.

ఈ స్థితిలో జనించిన బిడ్డల కండరములు మెత్తగా నుండును. నడకయు మాటయు ఆలస్యముగ వచ్చును. బుద్ధివికాసము మందగించును, ఆ మాంద్యము కొందరిలో స్వల్పము, కొందరిలో అధికము. సుమారు సగముమంది బిడ్డలకు పుట్టుకతోనే గుండెలో లోపముండును. వానిలో పెక్కింటిని శస్త్రచికిత్సతో సరిచేయవచ్చును. వినికిడి, చూపు, థైరాయిడ్ గ్రంథి—వీనిని ఎప్పటికప్పుడు పరీక్షింపజేయవలెను. తొలినాళ్ళ నుండి శిక్షణ లభించినచో బిడ్డలలో అధికసంఖ్యాకులు నడతురు, మాటలాడుదురు, తమ పనులు తాము చేసికొందురు. పలువురు చదువను వ్రాయను నేర్తురు. కొందరు ఉద్యోగములు కూడ చేయుచున్నారు. 1980 ప్రాంతమున సంపన్న దేశములందు వీరి సగటు ఆయువు సుమారు 25 ఏండ్లు. నేడు అది 60 ఏండ్లకు చేరినది. శిశువు మారలేదు, క్రోమోజోము మారలేదు. మారినది వైద్యము, దానితోపాటు సంఘము చూపిన శ్రద్ధ. ఈ విషయమును మనస్సున నుంచుకొనవలెను, ముందు దీని ప్రసక్తి మరల వచ్చును.

ఇక కారణమును గూర్చి. స్త్రీ అండములు ఆమె తన తల్లి గర్భమున నున్నపుడే ఏర్పడును. కావున 41 ఏండ్ల ఇల్లాలి అండము 41 ఏండ్లకు పైబడి నిరీక్షించిన అండము. విడిపోవలసిన జత ఆ వయస్సున కొన్నిమారులు విడివడదు; మూడవ క్రోమోజోము అట్లు చేరును. నూటికి సుమారు 95 సందర్భములలో ఇది యాదృచ్ఛికమే. మూడు నాలుగు సందర్భములలో మాత్రము ఆ యదనపు భాగము వేరొక క్రోమోజోమునకు అతుకుకొని యుండును. అట్టివానిలో కొన్ని తల్లిదండ్రులలో నొకరినుండి వచ్చినవి కావచ్చును గనుక వారి రక్తమును పరీక్షించుట అవసరము. ఇంతకుమించి ఇందు రహస్యము లేదు. గ్రహణము చూచినందువలన గాని, ఎవరో పెట్టిన శాపమువలన గాని, పూర్వజన్మ పాపమువలన గాని ఇది రాదు. బిడ్డను చూచి తల్లి పాపమును లెక్కించు నోరు అజ్ఞానపు నోరు.

లెక్కలు కూడ తెలియవలెను. తల్లి వయస్సు 20, 25 ఏండ్ల మధ్యనున్నచో సుమారు 1,500 కాన్పులలో నొకటి, 30 ఏండ్లకు 900లో నొకటి, 35 ఏండ్లకు 350లో నొకటి, 40 ఏండ్లకు 100లో నొకటి, 45 ఏండ్లకు 30లో నొకటి చొప్పున ఈ స్థితి సంభవించును. 100లో ఒకటి యన్నపుడు భయము కలుగును. అదే లెక్కను త్రిప్పి చదివినచో 40 ఏండ్ల తల్లులు 100 మందిలో 99 మంది బిడ్డలకు ఈ స్థితి లేదు. రెండును సత్యములే. ఒక సత్యమును మాత్రమే చెప్పి భయపెట్టుటయు తప్పే, రెండవదానిని మాత్రమే చెప్పి మభ్యపెట్టుటయు తప్పే.

పరీక్షలు రెండు జాతులు. మొదటి జాతి జల్లెడ వంటిది, రెండవది త్రాసు వంటిది. 11 మొదలు 13 వారముల వరకు శిశువు మెడ వెనుకనుండు ద్రవపు మందమును స్కానింగులో కొలిచి, తల్లి రక్తపరీక్షతో కలిపి అంచనా వేయుట మొదటి జాతికి చెందును. 15 నుండి 20 వారముల మధ్య తల్లి రక్తమున నాలుగు పదార్థములను కొలుచు పరీక్షయు నట్టిదే. 2011 నుండి వ్యాపించిన మరియొక పరీక్షలో 10వ వారము మొదలు తల్లి రక్తమున తేలియాడు మావి డీ.ఎన్.ఏ. తునకలను లెక్కింతురు. దీనికి వేలకొలది రూపాయలు వ్యయమగును. ఇవన్నియు అవకాశమును మాత్రమే చెప్పును. రెండవ జాతి పరీక్షలు నిశ్చయమును చెప్పును: 11 మొదలు 13 వారముల నడుమ మావి నుండి చిన్న తునక తీయుట, లేదా 15 వారములు నిండిన పిదప సూదితో ఉమ్మనీరు తీయుట. వీనివలన గర్భస్రావమగు ప్రమాదము స్వల్పముగ గలదు. పూర్వము నూటికి ఒకటి యని చెప్పుచుండిరి. నేటి నిపుణుల చేతులలో అది నూటికి అరకన్న తక్కువ. స్వల్పమైనను శూన్యము కాదు.

జల్లెడను త్రాసుగా భ్రమించుట వలన కలుగు నష్టము గొప్పది. అన్ని వయస్సుల తల్లులు 1,000 మంది మెడ ద్రవము, రక్తము కలిపిన పరీక్ష చేయించుకొనిరనుకొన్నచో సుమారు 50 మందికి "అవకాశము హెచ్చు" అని వచ్చును. వారిలో నిజముగ నా స్థితిగల శిశువును మోయుచున్నవారు ఒకరో ఇద్దరో. తక్కిన 48 మంది కొన్ని దినములు వృథాగా కన్నీరు కార్చినవారే. "250లో నొకటి" అని కాగితముపై చూచి, మరునాడే గర్భము తీయించుకొందుమని బయలుదేరువారు, 249 మంది ఆరోగ్యవంతులగు శిశువులుండు వరుసలో తమ శిశువు నిలుచున్నదని యెరుగరు. డీ.ఎన్.ఏ. పరీక్ష ఇంతకన్న చాల మేలైనది. 100 మందిలో 99 మందిని పట్టుకొనును, వేయిమందిలో ఒకరి విషయమున పొరపడును. అయినను 40 ఏండ్ల తల్లులు 1,000 మందిలో "కలదు" అని చెప్పబడిన 11 మందిలో ఒకరి విషయమున అది అసత్యమగును. తల్లుల వయస్సు తక్కువైనకొలది ఆ అసత్యపు పాలు పెరుగును. కావున నిశ్చయపరీక్ష లేక ఏ నిర్ణయమును చేయరాదు. ఇది వైద్యుల మాట. ఇదియే ధర్మము మాట కూడ.

చట్టమేమి చెప్పుచున్నదో తెలియుట అవసరము. 1970 దశకమున ఉమ్మనీటి పరీక్ష ఈ దేశమునకు శిశు రోగములను గుర్తించుటకు వచ్చి, అచిరకాలములోనే ఆడపిల్లలను గుర్తించి చంపు సాధనముగ మారెను. మంచి పనిముట్టు చెడ్డ మనస్సున కెట్లు లొంగునో ఈ దేశము స్వయముగ చూచినది. అందువలన 1994లో శాసనము చేయబడెను. 2003లో దానిని కట్టుదిట్టము చేసిరి. దాని ప్రకారము శిశువు ఆడయో మగయో చెప్పుట నేరము. క్రోమోజోముల లోపము మున్నగువానికై పరీక్షించుట అనుమతింపబడినది. తల్లి వయస్సు 35 దాటుట అందులకు అంగీకరింపబడిన కారణములలో నొకటి. పరీక్షవలని కష్టనష్టములను ఆమెకు వివరించి, ఆమెకు తెలిసిన భాషలో వ్రాసిన సమ్మతిపత్రముపై ఆమె సంతకము గైకొనవలెను. గర్భవిచ్ఛిత్తిని గూర్చిన 1971 నాటి చట్టము 2021లో సవరింపబడెను. ఇట్టి సందర్భములలో 20 వారముల వరకు ఒక వైద్యుని, 24 వారముల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయము కావలెను. ఆపైన తీవ్రమైన శిశు లోపములున్నచో వైద్యమండలి నిర్ణయించును. యుక్తవయస్కురాలి విషయమున చట్టము కోరునది ఆమె సమ్మతిని మాత్రమే. భర్త సంతకమును గాని, అత్తమామల అంగీకారమును గాని అది కోరలేదు.

ఇక ధర్మవిచారణ. మొదటి ప్రశ్న: తెలిసికొనుట తగునా? శివుడిచ్చినదానిని పరీక్షించుట అపచారమని పూర్వపక్షము. బసవాది శరణుల కూటమిలో వైద్య సంగణ్ణ యను వైద్యశరణుడు ఉండెను. రోగమును పరీక్షించుట ఆయన కాయకము. ఆ కాయకమును శరణులు అపచారమనలేదు. చూచుట దోషమైనచో నాడి పట్టుటయు దోషమే కావలెను. అదియునుగాక ముందుగా తెలిసికొనుట శిశువునకే మేలుచేయు సందర్భము గలదు. గుండె లోపమున్న శిశువని తెలిసినచో తగిన ఆసుపత్రిలో ప్రసవమును ఏర్పాటు చేయవచ్చును; తల్లిదండ్రులు మనస్సును సిద్ధపరచుకొనవచ్చును. కావున తెలిసికొనగోరిన తల్లిని అవిశ్వాసురాలనుట తగదు.

అట్లని పరీక్ష విధియు కాదు. "ఏ ఫలితము వచ్చినను ఈ బిడ్డను కందును, పుట్టినపుడు చూచెదను" అని స్థిరచిత్తముతో చెప్పు తల్లిని మూఢురాలనుటయు తగదు. జల్లెడ పరీక్షకు ఒప్పుకొన్నచో దానివెంట సూది పరీక్ష, దానివెంట మరియొక ప్రశ్న వరుసగా వచ్చును. మెట్లు దిగిన పిదప బావిలోతును విచారించుటకన్న గట్టుననుండగనే విచారించుట మేలు. ఫలితము దేనికొరకు కావలెనో ఆలోచింపక చేయించుకొను పరీక్ష జ్ఞానమును గాక కలతను మాత్రమే ఇచ్చును.

రెండవ ప్రశ్న కఠినమైనది. శరణ ధర్మమునకు కాయకము వెన్నెముక గదా. కష్టించి సంపాదింపలేని జీవికి అందు స్థానమెక్కడ అని కొందరు తర్కించుచున్నారు. ఈ తర్కము కాయకమును కూలిగా పొరబడుటచే పుట్టినది. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినపుడు భార్య లక్కమ్మ మందలించి, హెచ్చు బియ్యమును తిరిగి పోసిరమ్మనెను. కాయకమునకు విలువ రాశిని బట్టి కాదు, మనశ్శుద్ధిని బట్టియే యని ఆ ఇల్లాలు తేల్చినది. ఒక గిన్నెను మాత్రమే కడుగగల బిడ్డ ఆ గిన్నెను శ్రద్ధతో కడిగినచో అది కాయకము కాదని లక్కమ్మ యనదు. అదియును చేయలేని బిడ్డ కొరకు దాసోహమున్నది. అందరును అన్నియు చేయగలిగినచో దాసోహమను మాటయే పుట్టియుండదు.

బుద్ధిని కొలతగా తీసికొనుట శరణ సంప్రదాయమునకు సరిపడదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ముగ్ధభక్తుల కథలకు ఎంత చోటిచ్చెనో చదివినవారెరుగుదురు. శివుడు విషము మ్రింగెనని విని, ఆయన మరణించునేమోయని తల్లడిల్లి రుద్రపశుపతి నీట దిగెను. తెచ్చిన పాలు శివుడు త్రాగలేదని గొడగూచి యను బాలిక విలపించెను. శివునకు తల్లి లేదే యని జాలిపడి బెజ్జ మహాదేవి తానే తల్లియయ్యెను. లోకపు త్రాసులో తూచినచో వీరికి లౌకికజ్ఞానము తక్కువ. కవి వారిని చూచి నవ్వలేదు, నమస్కరించెను. వీరికి రోగముండెనని చెప్పుట ఇందలి భావము కాదు. శివుని సన్నిధికి బుద్ధిబలము ప్రవేశపత్రము కాదని మాత్రమే భావము. అదేవిధముగ డౌన్స్ సిండ్రోముగల బిడ్డలందరు దేవతామూర్తులని పొగడుటయు సరికాదు. వారికిని కోపమున్నది, అలుకయున్నది, ఇష్టానిష్టములున్నవి. వారు మనుష్యులు, గౌరవమునకు ఆ మాట చాలును.

ఎనిమిదవ మాసమున గర్భస్థ శిశువు పేర తల్లికి లింగమును కట్టు ఆచారము వీరశైవమునందున్నది. ఆ లింగమును కట్టునపుడు శిశువు తెలివిని గాని, రూపమును గాని, ఆడ మగ భేదమును గాని ఎవరును అడుగరు. జననమున సూతకము లేదని శరణులు చాటిరి. జననమే మైల కానపుడు జనించిన బిడ్డ స్థితి ఇంటికి మైల ఎట్లగును? కొందరు ఈ ఆచారమును చూపి, ఎనిమిదవ మాసమునకు ముందు శిశువునకు విలువ లేదని వాదింతురు. అది సంస్కారపు కాలనిర్ణయమే గాని జీవము విలువను గూర్చిన నిర్ణయము కాదు. కావున ఈ స్థితి యొక్కటే గర్భమును విడుచుటకు చాలినంత కారణము కాదని శరణ ధర్మపు మొగ్గు.

అయితే మొగ్గు వేరు, శాసనము వేరు. ఇచ్చట ఆగి ఆ ఇల్లాలి ముఖమును చూడవలెను. ఆమె మనస్సులోని లెక్క ఇది: బిడ్డకు 30 ఏండ్లు వచ్చునప్పటికి తనకు 71, అటుపిమ్మట ఎవరు చూతురు? కుమార్తెకు సంబంధములు వచ్చునా? కుమారునిపై ఈ భారము మోపుట న్యాయమా? గుండె శస్త్రచికిత్సకు ధనమెక్కడిది? నలుగురిలో తలయెత్తుకొనుట ఎట్లు? ఈ లెక్క స్వార్థపు లెక్క కాదు. పుట్టిన బిడ్డలను, పుట్టబోవు బిడ్డను, అందరిని ప్రేమించు తల్లి వేయు లెక్కయే ఇది.

ఈ కారణములను రెండు ప్రోగులుగ విడదీయవచ్చును. సంఘము మంచిదైనచో మాయమగునవి ఒక ప్రోగు; సంఘమెంత మంచిదైనను మిగులునవి మరియొక ప్రోగు. అక్కకు సంబంధములు రావను భయము, నలుగురి నవ్వు, తల్లి పాపమను నింద, తల్లిదండ్రుల అనంతరము దిక్కులేమి, శస్త్రచికిత్సకు ధనము లేమి—ఇవి మొదటి ప్రోగు. తల్లి స్వీయ ఆరోగ్యము, ఆమె శక్తి, శిశువు దేహమున తీవ్రమైన ఇతర లోపములు—ఇవి రెండవది. రెండవ ప్రోగును తూచుట తల్లిదండ్రుల, వైద్యుల పని. మొదటి ప్రోగు సంఘమునకు ఆ తల్లికడ మిగిలిన ఋణము. ఋణము తీర్చనివాడు ఋణదాతకు నీతి చెప్పుట ఎంత తగునో, ఆ భారమును పంచుకొనని సంఘము "బిడ్డను కనుము" అని యాజ్ఞాపించుట అంతే తగును. సగటు ఆయువును 25 నుండి 60కి పెంచినది సంఘపు శ్రద్ధయే యని పైన చెప్పబడినది. శ్రద్ధ లేనిచోట ఆ సంఖ్య కాగితముపైననే యుండును.

కావున మూడవ ప్రశ్నకు సమాధానము స్పష్టము. చట్టము ఏ సంతకమును కోరినదో ధర్మమును ఆ సంతకమునే కోరుచున్నది. అనుభవ మంటపమున స్త్రీలు కూర్చుండి వాదించిరి. అల్లమ ప్రభువు ప్రశ్నలకు అక్క మహాదేవి తానే బదులు చెప్పెను, ఆమె పక్షమున మరియొకరు చెప్పలేదు. ఆమె దేహమును, ఆమె గర్భమును గూర్చిన మాట ఆమెదే. బిడ్డను కనుటకు నిశ్చయించిన తల్లిని "తెలిసి తెలిసి కంటివి" అని దెప్పరాదు. గర్భమును విడుచుటకు నిశ్చయించిన తల్లిని పాపాత్మురాలని మఠపు వాకిట నిలుపరాదు; ఆమె దుఃఖమును ఆమె జీవితాంతము మోయును, దానిపై మరియొక రాయి పెట్టనవసరము లేదు.

అధికారము ఆమెదన్నచో భర్త మౌనముగ నుండవచ్చునని యర్థము కాదు. మౌనము కొన్నిమారులు గౌరవమువలె కనబడు పలాయనము. పరీక్షకు పోవుటకు ముందే దంపతులు కూర్చుండి కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. ఫలితము "అవకాశము హెచ్చు" అని వచ్చినచో సూది పరీక్షకు ఒప్పుకొందుమా? నిశ్చయముగ నున్నదని తేలినచో ఏమి చేయుదుము? ఆ నిర్ణయమునకు వారములెన్ని మిగులును? మనలను భయపెట్టుచున్నది బిడ్డ స్థితియా, చుట్టములా? ఇట్టి బిడ్డను ఎన్నడైన దగ్గర నుండి చూచితిమా? ఈ కడపటి ప్రశ్న ముఖ్యమైనది. చూడని దానిని గూర్చిన భయము చూచిన దానిని గూర్చిన భయముకన్న పెద్దది. అట్టి బిడ్డను పెంచుచున్న ఒక తల్లితో ఒక గంట మాటలాడుట పది సలహాలకు సమానము. ఆమె కష్టమును దాచదు, సంతోషమునును దాచదు.

సహాయసంస్థలు లేకపోలేదు. 1984లో సికిందరాబాదున స్థాపింపబడిన జాతీయ సంస్థ నేడు మేధోవైకల్యముగల వ్యక్తుల సాధికారత సంస్థయను పేర పసితనము నుండియే శిక్షణ, తల్లిదండ్రులకు మార్గదర్శనము, ప్రత్యేక ఉపాధ్యాయులకు బోధన గావించుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము నిర్ణీత స్థాయి వైకల్యముగల 6 నుండి 18 ఏండ్ల బాలబాలికలకు ఉచిత విద్యను హక్కుగ నిచ్చినది. 1999 నాటి జాతీయ న్యాసపు చట్టము మేధోవైకల్యముగలవారికి సంరక్షకులను నియమించు మార్గమును చూపినది. "మా తరువాత ఎవరు" అను ప్రశ్నకు ఇది సంపూర్ణ సమాధానము కాకున్నను సమాధానపు ప్రారంభము.

మఠములకు మనవి యొకటి కలదు. గదగులోని వీరేశ్వర పుణ్యాశ్రమమును స్మరింపుడు. అంధులైన పంచాక్షర గవాయి, ఆయన శిష్యులు అంధులే యగు పుట్టరాజ గవాయి (1914–2010) అచ్చట ఎందరో అంధబాలురకు సంగీతమును నేర్పి అన్నముపెట్టిరి. వారిని పెంచి ప్రోత్సహించిన హానగల్ కుమారస్వాములవారు "కన్నులు లేనివానికి విద్యయేల" అనలేదు. తుమకూరు సిద్ధగంగా మఠమున అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహము వేలకొలది బాలురకు నేటికిని సాగుచున్నది. కన్ను లేనివానికి స్థానము దొరికిన వాకిట బుద్ధి మందగించినవానికి స్థానము దొరకదా? పెద్ద భవనములు అవసరము లేదు. వారమునకు రెండు దినములు ఒక గది, శిక్షణ పొందిన యొక ఉపాధ్యాయురాలు, తల్లులు కూర్చుండి మాటలాడుకొను చాప—ఇంతతో ప్రారంభింపవచ్చును. ఇట్టి బిడ్డలకు దీక్షాసంస్కారమున తడవుచేయరాదు. జాతరలో, పంక్తిభోజనమున వారిని వెనుకకు నెట్టరాదు. మఠాధిపతులు ఒక ఉపన్యాసమున "ఇది ఎవరి పాపమును కాదు" అని గట్టిగ పలికినచో ఆ ఒక్క వాక్యము ఎందరో తల్లుల వీపుపైనుండి బరువు దించును.

ఆ ఇల్లాలి భర్త వారము గడచునాటి రాత్రి విభూతి పెట్టె క్రింది కాగితమును తీసి ఆమె యెదుట పెట్టి, "నీవేమనుకొనుచున్నావో ముందు చెప్పుము, వినెదను. అమ్మకు నేను నచ్చచెప్పెదను, చెల్లెలికిని నేనే చెప్పెదను" అనినచో ధర్మము సగము నెరవేరినట్లే. ఆమె పరీక్షకు పోవచ్చును, పోకయుండవచ్చును. ఫలితము ఒకటి కావచ్చును, మరియొకటి కావచ్చును. ఆమె నిర్ణయము ఏదియైనను, ఆ నిర్ణయపు బరువును ఆమె ఒంటరిగ మోయనియెడల మిగిలిన సగమును నెరవేరును. దాసోహమను మాటకు అన్నపు పంక్తితో ముగియు అర్థము కాదు; ఒకరి భుజముపైనున్న మూటకు మరియొకరు చేయి యిచ్చుటయే దాని అసలు అర్థము.

కడగొట్టు బిడ్డలకొరకు కనిపెట్టుకొనియున్న తల్లులందరికి బసవేశ్వరుని కృప కలుగుగాక. శరణు శరణార్థి.